సి సెంటరు ఇంగ్లీషు

మా వైపు ఇంగ్లీషు బస్సు టాపు మీద వచ్చింది. సినిమా రీళ్ళ రేకు పెట్టెలో, తాళం వేసుకుని, పక్కన కోళ్ళ గంపా వెదురు తట్టలూ తోడు పెట్టుకుని, కొత్తగూడెం నుంచి పాల్వంచ మీదుగా భద్రాచలం చేరేది. బస్సాగగానే ఎవడో ఒకడు "బాక్సొచ్చిందిరోయ్" అని కేకేసేవాడు. అంతే, సగం బజారు ఎదురెళ్ళేది. బడిలో ఏబీసీడీలు చెప్పే మాస్టారికి ఎవరూ ఎదురెళ్ళిన దాఖలా లేదు. మాకు ఇంగ్లీషు తెచ్చింది ఆయనా, ఆ పెట్టే. పెట్టెలోది నోటికంటింది. మాస్టారిది వీపుకంటింది.

భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, ఆ తర్వాత ఖమ్మంలో కలిసింది. 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రలోకి వెళ్ళిపోయాయి. ఇవాళ భద్రాచలంలో టీ తాగి, ఆ టీ అరిగేదాకా ఎటపాక వైపు నడిస్తే రాష్ట్రం మారిపోతుంది. ఇట్లాంటి చోట భాష ఒకటే ఎలా ఉంటుంది? ఖమ్మం నుంచి వచ్చినాయన "ఏందిరా" అంటాడు. గోదావరి దిగువ నుంచి వచ్చినాయన "ఏంట్రా" అంటాడు. గూడెంలో కోయ మాట, ఇల్లెందు బొగ్గుబావుల దగ్గర సగం హిందీ. వీళ్ళందరూ యాస తేడా లేకుండా పలికే మాటలు ఇంటర్వెల్, ఫ్లాష్‌బ్యాక్, క్లైమాక్స్. రాష్ట్రం విడిపోయినప్పుడు ఉద్యోగులనూ నీళ్ళనూ పంచారు గానీ వీటి జోలికి ఎవరూ పోలేదు.

సినిమా వ్యాపారానికి సొంత భూగోళం ఉంది. 1800లో నిజాం నవాబు కంపెనీ దొరలకు వదిలేసిన జిల్లాలు సినిమావాళ్ళకు ఇప్పటికీ 'సీడెడ్'. మా వైపంతా 'నిజాం ఏరియా'. నవాబు పాలన 1948లోనే ముగిసింది గానీ కలెక్షన్లు మాత్రం ఈనాటికీ ఆయన పేరు మీదే లెక్కేస్తున్నారు. ఈ భూగోళంలో ఊళ్ళకు కులాల్లాగా అక్షరాలుండేవి. పెద్ద పట్నాలు ఎ సెంటర్లు, ఓ మాదిరివి బి సెంటర్లు, మిగిలినవి సి సెంటర్లు. డి సెంటరు లేదు, సి దాటితే అడవే. కొత్త సినిమా ఎ సెంటర్లో ఆడి, బి సెంటర్లో అరిగి, గీతలు పడి, పాటలు రెండు పోగొట్టుకుని మా దగ్గరికి చేరేది. దానికంటే ఎంతో ముందే 'టాక్' వచ్చేసేది. ఖమ్మంలో చుట్టాలింటికి పోయొచ్చినవాడు కథంతా చెప్పేసేవాడు. చివరికి బొమ్మ పడేనాటికి హాల్లో ఉన్నవాళ్ళందరికీ కథ తెలుసు. తెలియనిదల్లా తెగిపోయిన ముక్క ఏదన్నదే.

ఆటల పేర్లు చూడండి. మార్నింగ్ షో పదకొండింటికి. అప్పటికి మా వైపు జనం సగం రోజు పని ముగించి ఉంటారు. తర్వాత మాట్నీ. సాయంత్రం ఆరు దాటాక ఫస్ట్ షో. అంటే రోజులో మూడో ఆట పేరు ఫస్టు, నాలుగో ఆట పేరు సెకండు. ఈ లెక్క ఇంగ్లండులో పీహెచ్‌డీ చేసొచ్చినవాడికైనా అర్థం కాదు. మా మేనత్తకు అర్థమవుతుంది. ఆమె బడి గడప తొక్కలేదు.

ఆమె సంగతి కొంచెం చెప్పాలి. డేరా హాల్లో ఘంటసాల పాడిన వెంకటేశ్వరస్వామి పాట రికార్డు మొదలైందంటే, పొయ్యి మీద పులుసు ఉన్నచోటే ఉండేది, అత్త మాత్రం ఉండేది కాదు. నేల టికెట్టు తీసుకుని, ఇసుక కుప్ప చేసుకుని దానిమీద కూర్చునేది. బెంచీ వాళ్ళ కంటే ఎత్తు రావాలని ఆమె పట్టుదల. బొమ్మకు ముందు సెన్సారు సర్టిఫికెట్ తెర మీద నిలబడుతుంది కదా, అందులో ఆమె చదవగలిగింది ఒక్కటే, రీళ్ళ సంఖ్య. అక్షరాలు రాకపోయినా అంకె ఎక్కడుంటుందో ఆమె కంటికి తెలుసు. "పద్దెనిమిదిరా!" అనేది ధాన్యం బస్తాలు లెక్కపెట్టిన సంతోషంతో. పధ్నాలుగే ఉంటే మొహం మాడ్చుకునేది, అదే టికెట్టుకు తూకం తగ్గించినట్టు.

అలా రీళ్ళు లెక్కపెట్టడంలో తప్పేమీ లేదు. 1000 అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు ఆడుతుంది. ఒకే ప్రొజెక్టరున్న డేరాలో రీలు అయిపోయినప్పుడల్లా బొమ్మ ఆగాలి, లైటు వెలగాలి, ఆపరేటరు రీలు మార్చాలి. విలన్ గొడ్డలి ఎత్తుతాడు, రీలు అయిపోతుంది. దించేలోపు జనం బీడీ ముట్టించి, ఆ గొడ్డలి ఎవరి మీద పడాలో ఓటింగు పెట్టేసేవాళ్ళు. ఇన్ని విరామాలుండగా అసలు ఇంటర్వెల్ ఎందుకని అడక్కండి. అది హక్కు. అమెరికాలో ఉన్న మా బంధువొకాయన, అక్కడి హాల్లో తెలుగు బొమ్మకు ఇంటర్వెల్ కార్డు పడుతుంది గానీ బొమ్మ ఆగదు, అలాగే పోతూ ఉంటుంది అన్నాడు. అత్త చాలాసేపు ఆలోచించి, "మరి ఒంటికెప్పుడు పోతారురా?" అంది. అంత పెద్ద దేశం ఈ ప్రశ్నకు జవాబు తయారుచేసుకోలేదంటే నాకూ చిత్రంగానే ఉంది.

తెగిన ఫిల్ము ముక్కలు మా పిల్లకాయల ఆస్తి. మాడిపోయిన కరెంటు బల్బు మూతి ఊడదీసి, లోపలి సామాను తీసేసి, నీళ్ళు నింపితే అది కటకం. ఎండలో ఒకడు అద్దం పట్టుకుంటే ఆ వెలుగు తలుపు సందులోంచి చీకటి గదిలోకి, ఫిల్ము ముక్క మీదికి, బల్బులోంచి తాత పంచె మీదికి. పంచె మీద ఎన్టీఆర్ తలకిందులుగా నిలబడేవాడు. ముక్క తిప్పి పెడితే సరిపోతుందని తెలిసేదాకా ప్రేక్షకులే శీర్షాసనం వేశారు. ఆ గదిలో ఆపరేటరు, గేటుకీపరు, ప్రొప్రయిటరు అని ఉద్యోగాలుండేవి. అద్దం పట్టుకుని ఎండలో నిలబడ్డవాడి హోదా 'లైటింగు'. వాడికి బొమ్మ కనపడదు. సినిమా పరిశ్రమ పద్ధతులన్నీ మాకు అక్కడే తెలిశాయి.

నాటకాల ఇంగ్లీషు వేరు. సురభి వాళ్ళు 1885లో కీచకవధతో మొదలెట్టిన నాటి నుంచి ఈనాటి పరిషత్తుల దాకా మన రంగస్థలం మీద పద్యం సంస్కృతం మోస్తుంది, తెర వెనక పనంతా ఇంగ్లీషు మోస్తుంది. కర్టెను, సైడు వింగు, మేకప్పు, ప్రాంప్టింగు. ప్రేక్షకుల వాటాకు వచ్చింది ఒకే మాట, 'వన్స్ మోర్'. దాని బలం ఎంతటిదో మా పెదనాన్న కొడుకునడగాలి. హరిశ్చంద్ర నాటకం కాటి సీనులో వాడు లోహితాస్యుడు. పాము కరిచి చచ్చిపడి ఉండడమే వేషం, డైలాగు లేదు. కాంట్రాక్టు మీద వచ్చిన చంద్రమతి కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని రాగం ఎత్తుకుంది. పద్యం అయింది. "వన్స్ మోర్!" మళ్ళీ పాడింది. మళ్ళీ "వన్స్ మోర్!" చచ్చినవాడికి మాత్రం వన్స్ మోర్ లేదు, ఉన్నచోటే ఉండాలి. మా వైపు దోమలు నాటకం చూడ్డానికి రావు, భోజనానికి వస్తాయి. మూడోసారి రాగాలాపన మధ్యలో లోహితాస్యుడు మెల్లిగా చెయ్యెత్తి ఫట్టున చెంప మీద కొట్టుకున్నాడు. చంద్రమతి అనుభవజ్ఞురాలు. రాగం ఆపకుండానే ఆ చెయ్యి పట్టుకుని గుండెలకు హత్తుకుంది. ఆ ఒక్క చప్పట్ల రాత్రి కోసం మావాడికి వారం రోజులు చలిజ్వరం.

ఈ మాటలేవీ అక్కర్లేని ఆట కూడా మా అడవిలోనే ఉంది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య డోలి పట్టుకుని, పడిగె అనే బొమ్మల గుడ్డ ముందు సమ్మక్క సారలమ్మల చరిత్ర చెప్పేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. తెర ఉంది, బొమ్మ ఉంది, సౌండు ఉంది, కథ ఉంది. టికెట్టు లేదు. రివ్యూ కూడా లేదు, ఎందుకంటే కథలో ఉన్నది వింటున్నవాళ్ళ తాతముత్తాతలు. తాతగారి క్యారెక్టరు పండలేదని ఎవడంటాడు?

నేను పెద్దయ్యాక, దేవుడి దయవల్ల, ఇంగ్లీషు మాస్టర్నయ్యాను. పుస్తకంలో 'సినిమా, నాటకాల గురించి మాట్లాడుట' అని పాఠముంది. నటన మంత్రముగ్ధులను చేసింది, కథనం ఆద్యంతం ఉత్కంఠభరితం, ఇట్లాంటి అర్థాలొచ్చే వాక్యాలు పిల్లల చేత అనిపించాలి. ఒకణ్ణి లేపాను. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు మాట్లాడే పిల్లాడు. మొన్న చూసిన సినిమా గురించి రెండు ముక్కలు చెప్పరా అంటే, "ఫస్టాఫ్ ఓకే సార్. సెకండాఫ్ లాగ్. క్లైమాక్స్ రొటీన్. సాంగ్స్ సూపర్. ఓవరాల్‌గా వన్ టైమ్ వాచ్" అని కూర్చున్నాడు. క్రియాపదం ఒక్కటీ లేదు, తప్పు కూడా ఒక్కటీ లేదు. పుస్తకంలో రెండు పేజీల సంభాషణ కంటే ఇదే నాకు పనికొచ్చింది, నేనా సినిమాకు వెళ్ళలేదు.

పుస్తకాన్ని నమ్మితే ఏమవుతుందో వార్షికోత్సవం నాడు తెలిసింది. కొత్తగా ట్రైనింగు నుంచి వచ్చిన కుర్ర మాస్టారు, స్టేజీ ఎక్కబోతున్న రాముడి వేషగాణ్ణి పట్టుకుని "బ్రేక్ ఎ లెగ్" అన్నాడు. ఇంగ్లీషు దేశాల నాటకాల వాళ్ళకు 'గుడ్ లక్' అనడం అరిష్టం, అందుకని కాలు విరగ్గొట్టుకో అంటారు. మంచిదే, వాళ్ళ ఆచారం వాళ్ళది. కానీ పక్కనే పిల్లాడి నానమ్మ ఉంది. "ఏమన్నడు?" అని అడిగింది. క్లాసులో ఫస్టొచ్చే పిల్ల ఒకతి, మేము నేర్పిన చదువుకు న్యాయం చేస్తూ, పదానికి పదం చెప్పేసింది. ముసలమ్మ మాస్టారి వైపు తిరిగింది. "రాములోరికి కాలు విరగాలా? విరగాల్సింది విల్లు గదయ్యా! నువ్వే ఊరోడివి?" భద్రాచలం గుడి గోపురం కనపడే చోట ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడం ఎవరి తరం? తర్వాత విల్లు విరగాల్సిన సమయంలో విరగలేదు, వెదురు మరీ పచ్చిది. దానికి కూడా ఆ మాస్టారినే అన్నారు.

సినిమా ఇంగ్లీషు మా వైపు సినిమా గురించి మాట్లాడటానికి కాదు. సినిమా బాగుంటే బాగుందంటారు, బాలేకపోతే తిడతారు, రెంటికీ తెలుగు సరిపోతుంది. ఇంగ్లీషు కావలసింది బతుకు గురించి మాట్లాడటానికి. ఎండాకాలం తునికాకు కల్లంలో చూడాలి. 50 ఆకులు ఒక కట్ట. కట్టలు వరసలు పేర్చి లెక్కపెట్టేటప్పుడు గుమాస్తా ఆకు చిన్నదనీ, మచ్చలున్నాయనీ మొదలెడతాడు. "డైలాగులొద్దు, లెక్క చెప్పు" అంటుంది పొద్దున్నించీ అడవిలో వంగి కోసుకొచ్చిన మనిషి. అతను మళ్ళీ ఏదో అంటే, "ఓవర్ యాక్షన్ చెయ్యకు." ఇంకా కదిలిస్తే, "నీకంత సీను లేదు." ఆ మూడో మాట తర్వాత గుమాస్తా కట్టలే లెక్కపెడతాడు. ఏ స్పోకెన్ ఇంగ్లీషు కోర్సులో చేరితే ఇంత ఫలితం వస్తుంది?

మా అత్త కథనంలో అన్నిటికన్నా గొప్ప పరికరం 'కట్ చేస్తే'. "పొద్దున వచ్చి నా కాళ్ళ మీద పడ్డడా, ఇంక తాగనత్తా అని ఒట్టేసిండా, కట్ చేస్తే, సాయంత్రం సారా కొట్టు కాడ!" మధ్యలో జరిగినదంతా తీసి పారేసింది. పెళ్ళి సంబంధాల్లోనూ ఆమెవి అచ్చం డిస్ట్రిబ్యూటరు మాటలు. "పిల్లగాడిది ఓపెనింగ్ బాగనే ఉంది, టాక్ కనుక్కోవాలె." తోడికోడలి సంగతెత్తితే "ఫ్లాష్‌బ్యాక్ వద్దులే" అంటుంది, అంటూనే మొదలుపెడుతుంది.

మాది సి సెంటరే గానీ, సినిమాలకు మా ఊరు మొదటినించీ క్లైమాక్సే. 1973లో బాపు రమణల 'అందాల రాముడు'లో లాంచీ రాజమండ్రిలో బయల్దేరి భద్రాచలానికే రావాలి. 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి'లో కూడా అంతే. దారంతా ప్రేమలు, అలకలు, పాటలు వాళ్ళు గోదావరి మీద కానిచ్చేసి, దిగేటప్పుడు దణ్ణం పెట్టుకోవడానికి మా దగ్గరికొస్తారు. మాకు దక్కింది కొబ్బరికాయ సీను. అదే 2006లో 'శ్రీరామదాసు' వచ్చినప్పుడు మాత్రం మావాళ్ళు టికెట్టు కొనకుండానే హక్కుదార్లలా కూర్చున్నారు. ప్రతి సీనుకూ పక్క ఊరి వాళ్ళకు వివరాలు చెప్పడమే. తెర మీద గోపన్న గుడి కడుతుంటే, వెనక బెంచీ నుంచి ఒకాయన "ఆ మెట్లటు కాదండీ, ఇటు" అని సరిచేశాడు.

ఇప్పుడు బాక్సు లేదు, బస్సు టాపు లేదు. బొమ్మ ఉపగ్రహం మీంచి దిగుతోంది, హైదరాబాదులో పడ్డ రోజే భద్రాచలంలోనూ పడుతోంది. సి సెంటరు రద్దయింది, మాకు కనీసం నోటీసైనా ఇవ్వలేదు. కొత్త మాటలొచ్చాయి. స్పాయిలర్ అట. కథ ముందే చెప్పేస్తే మహాపాపమట. కథంతా తెలుసుకుని తెగిన ముక్క కోసం వెతుక్కున్న జాతి మాది, మాకెందుకు భయం!

అత్తకు మనవరాలు ఫోనులోనే సినిమా పెట్టిస్తోంది. రీళ్ళ సంఖ్య కనపడక ఆమెకు మొదట్లో నమ్మకం కుదరలేదు. ఇంటర్వెల్ కార్డు కోసమూ ఆగడం లేదు ఇప్పుడు, ఎప్పుడనిపిస్తే అప్పుడు "ఆపవే, ఇంటర్వెల్" అని తానే ప్రకటించి, టీ పెట్టుకుని వస్తోంది. మొన్న బొమ్మ అయిపోగానే మనవరాలు, "నానమ్మా, దీనికి ఐదుకెన్ని స్టార్లిస్తవు?" అని అడిగింది.

"టికెట్టు కొన్నమా?" అంది అత్త.

"లేదు. ఫ్రీయే."

"అయితే బాగనే ఉందని రాయి."