కిల్ వాక్య వ్యాఖ్యానము

మూలము:
కిల్ -టర్మ్ -- -4217

అవతారిక: ఆగుమన్నను సర్వీసు ఆగక, దాని పిల్లలు పోర్టును వదలక, కొత్తగా లేపిన సర్వీసు ‘అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్’ అని విలపించుచుండగా, నిద్ర చెడిన అడ్మిన్ పలికిన వాక్యమిది.

ప్రతిపదార్థము: కిల్ = సిగ్నల్ పంపుము (చంపుమని చెప్పినవారు తొందరపడినారు; సున్నా సిగ్నల్‌తో ప్రాసెస్ ఉన్నదో లేదో చూచుటయే జరుగును); -టర్మ్ = సర్దుకొని పొమ్మను మర్యాద గల 15వ సిగ్నలును; -- = ఆప్షన్లు ఇంతటితో సరి; -4217 = 4217 అను గ్రూపులోని ప్రాసెస్‌లన్నిటికిని.

విశేషము: స్వారస్యమంతయు 4217కు ముందున్న ఋణచిహ్నమున ఉన్నది. అది లేనిచో 4217 ఒక్కటే పోవును, సంతానము మిగులును. 4217కు బదులు 1 పడెనా, తనకు అధికారమున్న ప్రాసెస్‌లన్నిటికిని సిగ్నల్ పోవును. రూటుగా లాగిన్ అయి అట్లు వ్రాసినవాని గతిని వర్ణింప ఈ వ్యాఖ్యాతకు మనసొప్పదు.

శంక: గ్రూపును కొట్టిన చాలును గదా, సర్వీసులను కనిపెట్టి నడుపు సూపర్‌వైజర్ పైన ఏల?

సమాధానము: చాలదు. గ్రూపు ఇంటిపేరు వంటిది. సెట్‌సిడ్ అని ఒక్క కాల్ చేసి ఏ పిల్లయైనను దానిని మార్చుకొనవచ్చును. గ్రూపు లీడరుకు మాత్రము ఆ వీలు లేదు, ఈపెర్మ్ అని తిప్పికొట్టబడును. కావుననే పాతకాలపు డీమన్‌లు మొదట ఫోర్క్ చేసి, తండ్రిని సాగనంపి, పిల్లచేత సెట్‌సిడ్ చేయించెడివి. టెర్మినల్ మరల అంటుకొనునేమోనని ఇంకొక ఫోర్కు కూడ. ఇట్లు అనాథయైన దానిని పిఐడి 1 దత్తు చేసికొనును. అడ్మిన్‌కు మిగులునది పిఐడి ఫైలు. అందలి అంకె కాలక్రమమున వేరొక ప్రాసెస్‌కు దక్కినచో, చచ్చునది నిరపరాధి.

బెర్న్‌స్టైన్ రచించిన డీమన్‌టూల్స్ ఈ తంతును తోసిపుచ్చినది. అందు సూపర్‌వైజే తండ్రి. బిడ్డ పోగానే కెర్నెలే కబురు చెప్పును, సూపర్‌వైజ్ వెంటనే మరల లేపును, పిఐడి ఫైలుతో పనిలేదు. అయినను ఇల్లు విడిచిన మనుమలు దీనికిని చిక్కరు. 2010లో వెలువడిన సిస్టమ్‌డీ వారికై కెర్నెల్‌లోని సీగ్రూపును ఆశ్రయించెను. ఫోర్కైన ప్రతి పిల్లయు తండ్రి సీగ్రూపులోనే పుట్టును; ఎన్ని సెట్‌సిడ్‌లు చేసినను అందులోనే ఉండును. స్టాప్ అనగానే అందరికిని టర్మ్ పోవును. వేరుగా చెప్పనిచో 90 సెకన్లు గడువు, ఆపై 9వ సిగ్నల్. తొమ్మిదికి ఎదురు లేదు.

తాత్పర్యము: సూపర్‌వైజర్ కింద నడుచు ప్రోగ్రామ్ తనంతట డీమన్ కారాదు, ఫోర్‌గ్రౌండ్‌లోనే నిలువవలెను. రనిట్ అను సూపర్‌వైజర్ కింద ఎన్‌జినెక్స్‌ను నడుపువారు ‘డీమన్ ఆఫ్;’ అని వ్రాయుదురు. చివరి సెమికోలన్ లేనిచో ఎన్‌జినెక్స్ అసలు లేవదు.