నర్స్ ప్రాక్టీషనర్ కావాలంటే ఈ సలహాలు నమ్మొద్దు

బీఎస్సీ నర్సింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్న పిల్లలకు తిరుపతిలో సలహాలకు కొదవ లేదు. రుయా ఆసుపత్రి బయట టీ అంగడి దగ్గర, హాస్టల్లో, పెళ్ళి పందిట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్తూనే ఉంటారు. చాలామంది మంచి కోరే చెప్తారు. అయినా నర్స్ ప్రాక్టీషనర్ చదువు గురించి తిరిగే ఈ ఐదు మాటలు మాత్రం పిల్లల్ని దారి తప్పిస్తున్నాయి.

1. "డిగ్రీ అయిపోతానే చేరిపో. గ్యాప్ వస్తే చదువు మళ్ళీ తలకెక్కదు."

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2016-17 ప్రాంతంలో తెచ్చిన 'నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్' రెండేళ్ళ పీజీ రెసిడెన్సీ. అందులో చేరాలంటే బీఎస్సీతో పాటు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, కనీసం ఏడాది ఆసుపత్రి అనుభవం ఉండాలి. అది ఐసీయూలో అయితే మరీ మంచిది. ఆ ఏడాది వృథా కాదు. మానిటర్ మోగితే చెయ్యి దేనిమీదికి పోవాలో అప్పుడే అలవాటవుతుంది. జీఎన్ఎం చదివినవాళ్ళూ నిరాశ పడొద్దు. పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేస్తే ఈ దారి మీకూ తెరిచే ఉంటుంది.

2. "ఏ ఎం.ఎస్సీ. అయినా ఒకటే. సీటు ఎక్కడొస్తే అక్కడ చేరు."

ఒకటి కాదు. మామూలు ఎం.ఎస్సీ. నర్సింగ్‌లో మెడికల్ సర్జికల్, పిల్లల ఆరోగ్యం, ప్రసూతి, కమ్యూనిటీ, మానసిక ఆరోగ్యం అనే శాఖలుంటాయి. అది చదివినవాళ్ళు ఎక్కువగా బోధన వైపు వెళ్తారు. అదీ గౌరవమైన దారే. నర్స్ ప్రాక్టీషనర్ రెసిడెన్సీలో మాత్రం తరగతి పాఠం ఐదోవంతే, మిగతాదంతా రోగి మంచం పక్కనే. తిరుపతిలో టీటీడీ ఆధ్వర్యంలో 1993లో మొదలైన స్విమ్స్‌లో అయినా, చిత్తూరు నుంచి దగ్గరే ఉన్న వేలూరు సీఎంసీలో అయినా, ఏ కోర్సుకు అనుమతి ఉందో, ఈ ఏడాది సీట్లున్నాయో లేదో ముందే అడిగి తెలుసుకోండి.

3. "బెంగుళూరులో తెలిసిన కాలేజీ ఉంది. ఫీజు కట్టు, పరీక్షకు పోతే చాలు."

పలమనేరు, కుప్పం వైపు ఈ మాట ఎక్కువ. ఐదింటిలో ప్రమాదకరమైనది ఇదే.

రాత్రి రెండు గంటలు. వెంటిలేటర్ మీదున్న రోగికి ఆక్సిజన్ శాతం 96 నుంచి 84కి పడింది. నర్స్ ప్రాక్టీషనర్ వెంటనే నూరు శాతం ఆక్సిజన్ పెట్టి, డాక్టరుకు కబురు పంపి, వరసగా చూసుకుంటూ పోవాలి. గొట్టం జరిగిందా? కఫం అడ్డుపడిందా? రెండు వైపులా ఊపిరి శబ్దం సమానంగా ఉందా, లేక ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందా? మెషీన్ పాడైందా? ఇదంతా నిమిషాల్లో తేలాలి. హాజరు పట్టీలో సంతకం కొనుక్కున్న చేతికి ఈ పని రాదు. లాగ్‌బుక్‌లో ప్రతి నైపుణ్యం పక్కన సంతకం అడిగేది ఇందుకే. రోగి కూడా ఒక ఇంటి మనిషే, మన అమ్మే కావచ్చు.

4. "ఇది చేస్తే ఊళ్ళో సొంతంగా క్లినిక్ పెట్టుకోవచ్చు. డాక్టరుతో పనే ఉండదు."

ఈ మాట నమ్మితే కేసులు మెడకు చుట్టుకుంటాయి. మన దేశంలో ఈ కోర్సు చేసినవాళ్ళు ఆసుపత్రి ప్రొటోకాల్, స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం, వైద్యులతో కలిసి మందులూ చికిత్సలూ చూస్తారు. ఆ హద్దు తెలిసి పని చేయడం చిన్నతనం కాదు. ప్రసవాల విషయంలో తెలంగాణ 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్‌లతో కలిసి నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. 2018 చివర్లో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చి, 18 నెలల 'నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ' శిక్షణను ప్రకటించింది. మామూలు కాన్పులు ఆ నర్సులు చూస్తారు, చిక్కొస్తే డాక్టరుకు అప్పగిస్తారు.

5. "ఇక్కడ చేసేస్తే అమెరికాలో నేరుగా నర్స్ ప్రాక్టీషనరే."

ఈ వృత్తి పుట్టింది అక్కడే. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్, హెన్రీ సిల్వర్ మొదటి శిక్షణ పెట్టారు. కానీ మన సర్టిఫికెట్ అక్కడ నేరుగా చెల్లదు. ముందు ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష రాసి రిజిస్టర్డ్ నర్స్ కావాలి. తర్వాత అక్కడి గుర్తింపున్న మాస్టర్స్ గానీ డాక్టరేట్ గానీ చదవాలి. ఆపైన జాతీయ సర్టిఫికేషన్ పరీక్ష, రాష్ట్ర లైసెన్సు. పొలం అమ్మి ఏజెంటు చేతిలో పెట్టే ముందు ఈ మెట్లన్నీ ఇంట్లోవాళ్ళతో కూర్చుని లెక్కేసుకోండి.

ఈ ఐదు సలహాల వెనక ఉన్న ఆలోచన ఒకటే: కాగితం చేతికొస్తే చాలని. ఈ చదువులో కాగితం ఆఖరున వస్తుంది, పనితనం ముందు రావాలి. మన ప్రభుత్వాసుపత్రుల్లో ఈ హోదాతో పోస్టులు ఇంకా పెద్దగా లేవన్నదీ నిజమే. వాటికోసం నర్సుల సంఘాలు గట్టిగా అడగాలి. అడిగే బలం పని తెలిసినవాళ్ళకే వస్తుంది.

చెల్లెమ్మలూ, తమ్ముళ్ళూ, చేరే ముందు కాలేజీవాళ్ళను మూడు ప్రశ్నలడగండి. కౌన్సిల్ అనుమతి పత్రం చూపిస్తారా? మీ సొంత ఆసుపత్రిలో ఐసీయూ పడకలెన్ని? మంచం పక్కన నిలబడి మాకు నేర్పే డాక్టరెవరు, నర్సెవరు? వీటికి సూటిగా జవాబు రాకపోతే ఆ గడప తొక్కకండి.