గుండె మీది, సలహా మాది

ఛాతీ మీద బరువు పెట్టినట్టుంది, ఎడమ చెయ్యి లాగుతోంది, ఒళ్లంతా చెమటలు పడుతున్నాయి అని ఇంట్లో ఎవరైనా అంటే కంగారు పడకండి. అది గ్యాసు. తెలుగువాడి ఛాతీలో వచ్చే నొప్పులన్నీ గ్యాసే. నేరం మోపడానికి రాత్రి తిన్న మిరపకాయ బజ్జీ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఈనో కలిపి ఇవ్వండి. తేపు వచ్చిందా, రోగ నిర్ధారణ అయిపోయినట్టే. రాకపోతే సోడా, ఆ తర్వాత వాము. ఆడవాళ్ల సంగతి ఇంకా తేలిక. దవడ నొప్పి, ఆయాసం, ఉన్నట్టుండి నీరసం అంటే పని ఎక్కువై అలిసిపోయిందని చెప్పి పడుకోమనండి.

108కి మాత్రం ఫోన్ చేయకండి. ఆ బండి కూత విని వీధి వీధంతా బయటికొస్తుంది, తీరా ఉత్త గ్యాసని తేలితే పరువేం కావాలి? గుండెపోటుకి రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి రెండు మూడు గంటల్లో పడితే బాగా పనిచేస్తుందనీ, పన్నెండు గంటలు దాటితే పెద్దగా ఫలితం ఉండదనీ డాక్టర్లు అంటారు. అంటే మనకి పన్నెండు గంటల టైముందన్నమాట. తెల్లారనివ్వండి.

ఎవరో తొందరపడి ఆస్పత్రికి తీసుకుపోయారే అనుకుందాం. మొదటి ఈసీజీ నార్మల్ వస్తే వెంటనే ఆటో ఎక్కి వచ్చేయండి. రక్తంలో ట్రోపోనిన్ చూడాలి, కాసేపాగి మళ్లీ ఈసీజీ తీయాలి అనడం బిల్లు పెంచే ఎత్తుగడ. గుండెపోటే అని తేలితే సంతకం పెట్టమంటారు. ఇంజెక్షన్ వల్ల నూటికి ఒకరికి, అటూ ఇటూగా, మెదడులో రక్తస్రావం కావచ్చని కూడా చెబుతారు. ఆ ఒక్కరిని గట్టిగా పట్టుకోండి. మిగతా తొంభై తొమ్మిది మంది ఊసెత్తకండి, ఇంజెక్షన్ ఇవ్వకపోతే ఏమవుతుందని పొరపాటున కూడా అడక్కండి. చికిత్స మంచిచెడ్డలు తూచే తక్కెడకి మన ఇళ్లలో ఒకటే పళ్లెం ఉండాలి. అదీ తేలకపోతే డాలస్‌లో ఉన్న బావమరిదికి ఫోన్ చేయండి. ఆయన చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే అయినా, ఉన్నది అమెరికాలో కదా. అక్కడ అర్ధరాత్రయితే ఆయన లేచేదాకా ఆగండి.

గుండెపోటు రాలేదు, మెట్లెక్కితే కొంచెం నొప్పి, నిలబడితే తగ్గిపోతుంది, మందులతో అదుపులోనే ఉంది. ఇలాంటి వాళ్ల విషయంలో పళ్లెం మార్చాలి. ఇక్కడ ధైర్యంగా స్టెంటు అడగండి, వీలైతే రెండు. నొప్పి నిలకడగా ఉన్నవాళ్లకి మంచి మందులు ఇస్తూ ఆ పైన స్టెంటు వేసినా చావుగానీ గుండెపోటుగానీ తగ్గలేదని 2007లో కరేజ్ అనే వైద్య పరిశోధన తేల్చింది. ఐదు వేలమందికి పైగా రోగులతో చేసిన ఇస్కీమియా అనే పరిశోధన కూడా 2020లో దాదాపు అదే మాట చెప్పింది. నొప్పి తరచూ వచ్చేవాళ్లకి మాత్రం ఉపశమనం బాగా దొరికింది. ఎడమ ప్రధాన ధమనిలో అడ్డంకి ఉన్నవాళ్ల లెక్క వేరు, వాళ్లని ఆ పరిశోధనలోకే తీసుకోలేదు. ఇదంతా మనకెందుకు? ఎదురింటాయనకి మూడు పడ్డాయి, మనకి ఒక్కటీ లేకపోతే ఎలా? లక్ష దాటి పలికిన మందుపూత స్టెంటు ధరకి 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం 29,600 రూపాయల దగ్గర కళ్లెం వేసింది కాబట్టి, నాసిరకం అంటగట్టారేమోనని అనుమానించడం కూడా మరవకండి.

స్టెంటు పడ్డాక అసలు పని మొదలవుతుంది, అదే మాత్రలు మానడం. రక్తనాళంలో పెట్టిన ఆ లోహపు జాలీ మీద లోపలి పొర పూర్తిగా ఎదిగేదాకా అక్కడ రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. అందుకే ఆస్పిరిన్‌కి తోడు క్లోపిడోగ్రెల్ లాంటి రెండో మాత్ర ఇస్తారు. గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకున్నవాళ్లకి మామూలుగా ఏడాది దాకా. బ్రష్ చేస్తుంటే చిగురు నుంచి చుక్క రక్తం కనబడగానే రెండూ ఆపేయండి. పన్ను పీకించుకోవాలన్నా అంతే, గుండె డాక్టరుని అడగడం దేనికి? మలం మాత్రం తారులా నల్లగా వస్తుంటే నోరు మెదపకండి. అది నలుగురిలో చెప్పుకునే మాటా!

కొలెస్ట్రాల్ మాత్ర సంగతి మరీ సులువు. రిపోర్టు నార్మల్ రాగానే మానేయాలి. మాత్ర వేసుకోవడం వల్లే నార్మల్ వచ్చిందనడం డాక్టర్ల అతితెలివి. స్టాటిన్లతో కొందరికి కండరాల నొప్పులు వస్తాయి, షుగరు వచ్చే అవకాశం కాస్త పెరుగుతుంది, ఆ రెండూ నిజమే. ఏ మందూ లేని ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లూ అవే నొప్పులు చెప్పారన్నదీ నిజమే, కానీ ఈ రెండో నిజం మనకి పనికిరాదు. స్టాటిన్ మానేసి, మోకాళ్లకి మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరికే డైక్లోఫెనాక్ రోజూ రెండు పూటలా వేయండి. గుండెపోటు ముప్పు పెంచేది అదే అయినా, దాన్ని మనం మందుల్లో లెక్కవేయం.

గుండె కవాటం మార్పించుకుని, రక్తం గడ్డకట్టకుండా అసిట్రోమ్ వాడేవాళ్లు ఒక వారం ఆకుకూర ముట్టకండి, మరుసటి వారం పూటపూటా పాలకూర తినండి. రోజూ ఒకే తీరుగా తింటే రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ నిలకడగా వచ్చి, పరీక్ష చేసేవాళ్లకి విసుగు పుడుతుంది.

నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ రాసేటప్పుడు, ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని డాక్టరు అడుగుతారు. వయాగ్రా జాతి మాత్ర వాడే మగవాళ్లు లేదనే చెప్పాలి, భార్య పక్కనే కూర్చుంది మరి. ఆ రెండూ కలిస్తే బీపీ ప్రాణం మీదకి వచ్చేంతగా పడిపోతుంది. పోతే పోనీ, పరువు దక్కుతుంది.

పెళ్లికి ఊరెళ్లేటప్పుడు మాత్రల డబ్బా ఇంట్లోనే మరిచిపోండి, చీటీ కూడా. విడిదింట్లో మీ వయసువాళ్లు నలుగురైనా ఉంటారు, నలుగురి దగ్గరా డబ్బాలుంటాయి. నాది తెల్లగా, గుండ్రంగా, చిన్నగా ఉంటుందని చెప్పండి చాలు, వాళ్లే వెతికి ఇస్తారు.