ముందు సీటు

విమానం చక్రాలు నేలకి తగిలీ తగలగానే మనవాళ్ళకి కూర్చున్న సీటు కాలడం మొదలవుతుంది. బెల్టు గుర్తు దీపం ఇంకా వెలుగుతూనే ఉంటుంది, టకటకా బెల్టులు ఊడుతూనే ఉంటాయి. 180 మంది పట్టే ఎయిర్‌బస్‌లో నడవడానికి దారి ఒక్కటే, అదీ ఒక మనిషి పట్టేంత. ఆ దారిలోకి అందరికంటే ముందు దూకినవాడు ఏం బావుకుంటాడయ్యా అంటే, తలుపు తీసేదాకా సంచీని గుండెలకి హత్తుకుని, వెనకవాడి మోచెయ్యి డొక్కలో పెట్టించుకుని నిలబడతాడు. కిటికీ పక్కన చిక్కుకుపోయినవాళ్ళు పైన సామాన్ల అర తలకి తగలకుండా మెడ వంచి, పీటల మీద పెళ్ళికూతుళ్ళలా తలదించుకుని ఉంటారు. తీరా దిగాక, బస్సు నిండితే గానీ కదలదు. బస్సు దిగాక, పెట్టెలు వచ్చేచోట ముందొచ్చినవాడూ వెనకొచ్చినవాడూ ఒకటే.

తుర్కియే పౌర విమానయాన శాఖకి ఓపిక నశించి, విమానం ఆగకముందే లేచేవాళ్ళకీ, ముందు వరుసలవాళ్ళు దిగకుండా తోసుకొచ్చేవాళ్ళకీ 2025లో జరిమానా నిబంధన తెచ్చింది. మన దగ్గర అదే పని ఒక మామ్మగారు పైసా ఖర్చు లేకుండా చేయడం నేను కళ్ళారా చూశాను.

ఆషాఢం. గోదావరికి ఎర్రనీరు తగిలిన రోజులు. శంషాబాద్ నుంచి రాజమండ్రి వెళ్ళే సాయంత్రం విమానం. గేటు దగ్గర బస్సెక్కించి, దూరంగా ఆపిన విమానం దాకా తీసుకెళ్తున్నారు. బస్సులో ఉన్న కాసిని సీట్లలో ఒకదాంట్లో నలభై దాటిన పెద్దమనిషి కూర్చున్నాడు. మల్లెపూవులాంటి తెల్లచొక్కా, రెండు ఫోన్లు. పక్క సీట్లో ఆయన చక్రాల సంచీ కూర్చుంది. వాళ్ళిద్దరి ఎదురుగా చేతికర్ర పట్టుకుని ఒక మామ్మగారు నిలబడి ఉంది. మోకాళ్ళకి ఆపరేషన్ అయిన మనిషని ఆవిడ నిలబడ్డ తీరే చెబుతోంది.

పెద్దమనిషి ఫోన్లో ఉన్నాడు. "ఎంతైనా ఫర్వాలేదు, వదలొద్దు. డబ్బు సంగతి నాకొదిలెయ్. నేనొచ్చేదాకా మాత్రం ఎవర్నీ చెయ్యి పెట్టనీకు."

వెనక నుంచి కాలేజీ కుర్రాడొకడు లేచి మామ్మగారికి తన సీటిచ్చాడు. బస్సు ఆగి తలుపు తెరుచుకోగానే తెల్లచొక్కా ఒక్క దూకు దూకింది. దూకుతూ దూకుతూ సంచీ చక్రం మామ్మగారి పాదం మీదుగా పోనిచ్చింది. ఆయన వెనక్కి కూడా చూడలేదు. "ఆయ్, ఫర్లేదు బాబూ" అంది ఆవిడ, వెళ్ళిపోతున్న వీపుతో.

చిన్న విమానం. రెక్కల కింద ఆరేసి రేకుల పంకాలు, లోపల అటు రెండు, ఇటు రెండు సీట్లు. తోక దగ్గర మెట్లెక్కి, వరుసలన్నీ దాటుకుంటూ మూడో వరుసలో కిటికీ పక్కన కూర్చున్నాను. కాసేపటికి మామ్మగారు కర్ర పొడుచుకుంటూ, ప్రతి సీటు వీపూ పట్టుకుంటూ వచ్చి నా పక్కన కూలబడింది.

"మా మనవడండి" అంది ఊపిరి తీసుకున్నాక. "మామ్మా, నువ్వు ముందే కూర్చోవాలని, టిక్కెట్టు కాక విడిగా డబ్బు కట్టి మరీ కొన్నాడండి ఈ సీటు. ఏవంటాం, ప్రేమ."

నేను నవ్వాను. ఆవిడా నవ్వింది.

ఇంతలో తెల్లచొక్కా వెనక నుంచి దారిలో నిలబడ్డవాళ్ళని ఒరుసుకుంటూ వచ్చింది. ఆయనకి చివరి వరుస పడిందట. ముందు ఖాళీ ఉందా అని విమానంలో పనిచేసే అమ్మాయిని అడిగాడు. లేదంది. ఆయన చూపు వరుసలన్నీ తడిమి మామ్మగారి మీద ఆగింది. గొంతు ఒక్కసారిగా తేనెలో ముంచి తీశాడు.

"మామ్మగారూ, మీకు దణ్ణం పెడతానండి. మా బాబాయికి చాలా సీరియస్‌గా ఉంది, కాకినాడ ఆస్పత్రిలో. దిగంగానే పరిగెత్తాలి. నాకేమో చివరి సీటిచ్చారు. మీరు ఒక్క గంట అక్కడ కూర్చుంటే నేను ఇక్కణ్ణుంచి అందరికంటే ముందు దిగిపోతాను. మీకేం తొందర ఉంటుంది చెప్పండి, ఈ వయసులో."

"అది కాదండీ, ఈ విమానంలో..." అని నేను నోరు విప్పబోయాను. మామ్మగారు నా మణికట్టు మీద చెయ్యి వేసి చిన్నగా నొక్కింది. నేను ఊరుకున్నాను.

"అయ్యో, అంత అవసరమైతే నేను కాదంటానా బాబూ" అంది ఆవిడ లేస్తూ. "బాబాయంటే కన్నతండ్రి తర్వాత అంతవాడు. కూర్చో. ముందే కూర్చో."

కర్ర టకటకలాడించుకుంటూ ఆవిడ వెళ్ళిపోయింది. ఆయన నా పక్కన చేరాడు. ఆవిడ అటు తిరిగీ తిరగకముందే మొహంలో దిగులు మాయమైంది.

"నెలకి నాలుగుసార్లు ఢిల్లీ వెళ్ళొస్తుంటానండి" అన్నాడు. "నేనెప్పుడూ ముందు మూడు వరుసలు దాటి వెనక కూర్చోలేదు. కిటుకు చెప్తా వినండి. పెద్ద సామాను వెయ్యకూడదు, చేతి సంచీ ఒక్కటే. నేల తగలగానే బెల్టు తీసెయ్యాలి. లైటారగానే సంచీ చేతిలో ఉండాలి. మనం ఆగితే మన వెనకాల వాడు ఆగడు. ఇది మర్యాదల కాలం కాదండి."

"మీ బాబాయిగారికి ఏమైంది?" అన్నాను.

"ఎవరికీ?" అన్నాడు. వెంటనే సర్దుకుని, "ఆఁ... హార్టండి."

గంట ప్రయాణం. కిందికి దిగుతుంటే మబ్బుల సందులోంచి గోదావరి కనబడింది. రెండొడ్లూ ఒరుసుకుంటూ ఎర్రటి నీళ్ళు. ఆయన నా మీదుగా వంగి, ఆ నీళ్ళకేసి ఆబగా చూశాడు. బాబాయి ఆస్పత్రిలో ఉన్నవాడు చూసే చూపు కాదది.

మధురపూడి విమానాశ్రయంలో చక్రాలు నేలకి తగిలాయి. చెప్పినట్టుగానే బెల్టు తీసేశాడు. "సార్, కూర్చోండి" అని వెనక నుంచి ఆ అమ్మాయి కేకేసింది. సగం కూర్చున్నాడు. విమానం ఆగింది. దీపం ఆరిందో లేదో, పై అరలోంచి సంచీ లాగి, దాని మూలతో నా భుజానికి ఒక్కటి తగిలించి, ముందుకి రెండంగలు వేశాడు. మొదటి వరుస దగ్గర, ఎదురుగా మూసి ఉన్న తలుపుకి ముక్కు ఆనించేంత దగ్గరగా నిలబడ్డాడు. మొదటి వరుసలో పేపరు చదువుకుంటున్న ఆయనకి చెయ్యి అడ్డుపెట్టి, "ముందు నేను దిగుతానండి, అర్జెంటు" అన్నాడు.

"తప్పకుండానండి" అన్నాడాయన, పేపర్లోంచి తలెత్తకుండా.

సరిగ్గా అప్పుడే మైకులో ఏదో చెప్పారు. తెల్లచొక్కా వినలేదు. ఫోను చెవిలో ఉంది, గొంతు మైకుని మించి ఉంది.

"దిగేశానురా! అందరికంటే ముందు నేనే. ముక్కలు కోయించావా? ఏంటీ, పొయ్యెక్కించేశారా! నేనొచ్చేదాకా చెయ్యి పెట్టొద్దన్నానా! సరే, మట్టిదాకలోనేనా? బెండకాయలు ఎప్పుడు వేశారు? ఆవకాయ పైన తేరిన నూనె పొయ్యమన్నాను, పోశారా? ఒరే, పాతికవేలు పోసి కొన్న పులసరా అది. అరగంటలో అక్కడుంటా. దాక దించగానే మొదటి ముద్ద నాదే."

చిన్న విమానంలో రహస్యం చెప్పినా చివరి వరుసకి వినిపిస్తుంది. ఇది రహస్యం కూడా కాదు. అందరూ విన్నారు. ఎవరూ ఏమీ అనలేదు.

ఎక్కడో కిర్రుమంది. చల్లగాలి లోపలికి వచ్చింది, వానకి తడిసిన మట్టివాసనతో. ఆ గాలి తెల్లచొక్కా వీపుకి తగిలింది.

ఏటీఆర్-72 అనే ఈ రకం విమానాలని ఫ్రాన్సు, ఇటలీ సంస్థలు కలిసి తయారుచేస్తాయి. మన చిన్న ఊళ్ళకి ఎక్కువగా తిరిగేవి ఇవే. వీటిలో ప్రయాణికులు ఎక్కే తలుపూ దిగే తలుపూ ఒక్కటే, అది తోక దగ్గర ఉంటుంది. ముందువైపు, మనకీ పైలట్లకీ మధ్యలో ఉండేది సామాన్లు వేసే అర. జనమంతా తలుపు దగ్గరికి చేరితే తోక బరువెక్కి వాలిపోకుండా, దాని కింద ఊతకర్ర ఒకటి నిలబెడతారు కూడా. ఎయిర్‌బస్‌లకి రెండువైపులా మెట్లు వేస్తారు కాబట్టి, వెనక నుంచి ఎక్కి ముందు నుంచి దిగడం ఆ పెద్దమనిషికి అలవాటు. ఇందులో ముందు సీటుకి అదనంగా డబ్బు కట్టినవాడు కట్టేది, అందరికంటే ఆఖర్న దిగడానికి.

చివరి వరుసలో మామ్మగారు నెమ్మదిగా లేచింది. ఆ అమ్మాయి చెయ్యి అందించింది. డెబ్భైమంది పైచిలుకు జనంలో మొట్టమొదట నేల మీద అడుగుపెట్టింది ఆవిడ కర్ర.

ఆవిడ వెనక ఒక్కో వరుసా లేస్తోంది. మధ్యలో ఒకచోట లైను ఆగింది. నిద్రపోతున్న పసిబిడ్డని భుజాన వేసుకుని ఒకమ్మాయి ఒంటిచేత్తో సంచీ అందుకోలేక అవస్థపడుతోంది. బస్సులో సీటిచ్చిన కుర్రాడే తన వెనకవాళ్ళకి చెయ్యి అడ్డంపెట్టి, సంచీ దించి, ఆమెని ముందు పోనిచ్చాడు. పది క్షణాలు పట్టిందేమో. ఎవరి కొంపా మునగలేదు.

తెల్లచొక్కా వెనక్కి తిరిగేసరికి విమానం నిండా వీపులు. ఒక్క మొహం కూడా ఆయనవైపు లేదు.

"ఇదేంటి? అటు దిగుతున్నారేంటి?"

"తలుపు అటే కదండీ ఉంది" అన్నాడు మొదటి వరుసాయన పేపరు మడుస్తూ. లేచి, దారిలోకి వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు.

"సార్, నాకు ఎమర్జెన్సీ. కాస్త దారివ్వండి."

"మీరు ముందు దిగుతానన్నారని ఆ ముందంతా మీకే వదిలేశాను. వెనకవైపు మాత్రం వరసండి."

మూడో వరుసలోనే కూర్చుని ఉంటే ఆయన వెనక ఇంకో రెండు వరుసల జనమైనా ఉండేవాళ్ళు. అందరికంటే ముందుకి వెళ్ళినందుకు ఆయన వెనక సామాన్ల అర తప్ప ఇంకెవరూ మిగల్లేదు.

నేను లోపలికి వెళ్ళేసరికి మామ్మగారు పెట్టెలు వచ్చేచోట కుర్చీలో కూర్చుని ఉంది. అప్పుడే ఎవరో తెచ్చిచ్చిన మంచినీళ్ళు తాగుతోంది. నా పెట్టె కోసం నేనూ పక్కన నిలబడ్డాను. ఆఖర్న తెల్లచొక్కా వచ్చింది, చెమటతో మాసి, సంచీని ఈడ్చుకుంటూ. మమ్మల్ని చూడనట్టు పక్కనుంచి జారిపోబోయాడు.

"బాబూ!" అంది మామ్మగారు. "ఇంత ఆలస్యమైందేం? ముందే కూర్చున్నావుగా."

"అదే... తలుపు..." అన్నాడాయన.

"ఔను, అటే ఉంటుంది. నెలకోసారి ఆస్పత్రికని వెళ్ళొస్తుంటాను కదా, నాకు తెలుసు. మీ బాబాయిగారికి ఎలా ఉందిట?"

"ఐసీయూలో ఉన్నారండి. ఇంకా ఏమీ చెప్పలేం అంటున్నారు."

"బెండకాయలు వేసేసేరు కదా?"

పెట్టెల కోసం నిలబడ్డవాళ్ళలో ఎవరో దగ్గుతున్నట్టు నవ్వారు. తెల్లచొక్కా నోరు తెరిచి మూసింది.

"సిగ్గుపడకు నాయనా. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు, నువ్వు అబద్ధం అమ్మేవు, అంతేగా" అంది ఆవిడ చల్లగా. "బస్సులో నీ ఫోను విన్నప్పుడే అనుకున్నాను. ఎర్రనీళ్ళ రోజుల్లో రాజమండ్రిలో ఎంతైనా ఫర్వాలేదని బేరమాడేది దానికోసమే. మాది ధవళేశ్వరం. నా పెళ్ళయిన దగ్గర్నుంచీ వండుతున్నాను. ఒక్కమాట చెప్తాను విను. దాక దించిన పూటే తింటే అది వట్టి చేపల పులుసు. ఒక రాత్రంతా ఊరి, పులుపు ముక్కకి పట్టి, మర్నాడు తింటేనే పులస. నువ్వు ఇవాళ ముందు దిగినా, ఆఖర్న దిగినా ఒకటే."

ఆవిడ పెట్టె వచ్చింది. కుర్రాడు దించి బండి మీద పెట్టాడు. మామ్మగారు కర్ర ఊనుకుని లేచి, రెండడుగులు వేసి, మళ్ళీ ఆగింది.

"రేపటిదాకా ఖాళీయే కదా బాబూ. ఈలోగా వెళ్ళి ఆ బాబాయిగారిని ఓసారి చూసిరా. నీ నోటిచలవ వల్ల పాపం ఆయనకి నిజంగానే ఏమైనా అయిందేమో."