వీసా అక్కర్లేని బంతి

మా చిల్కూరు వెంకన్నకు జనం పెట్టుకున్న పేరు వీసా బాలాజీ. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, పని అయ్యాక 108. మనుషులు చెమటలు కక్కుతూ తిరుగుతుంటే, చుట్టుపక్కల చేలల్లో బంతిపూలు తలలూపుతూ చూస్తుంటాయి. వాటి పుట్టిల్లు మెక్సికో. ఏ కాన్సులేటు మెట్లూ ఎక్కకుండానే వచ్చి మన గడపలమీద స్థిరపడ్డాయి. అక్కడ నవంబరు మొదట్లో, చనిపోయిన పెద్దలకు ఇంటిదారి తెలియాలని ఈ పూలే పరుస్తారు. ఇక్కడ లక్ష్మీదేవి కోసం కడతాం. ఎవరు ఎటు రావాలో బంతికి బాగా తెలుసన్నమాట.

దీపావళికి రెండు కిలోలు కావాలని పక్క చేను కాకను అడిగాను.

"ఈడ రేటెంతో నాకెట్ల ఎరుక బిడ్డా? గుడిమల్కాపూర్ పోతే తెలుస్తది."

న్యాయమే. తెల్లారకముందే కోసి, బస్తాల్లో కుక్కి, ట్రాలీకెత్తి పట్నంలోని ఆ పూల మార్కెట్టుకు పంపిస్తాడు. అక్కడ కమీషన్, హమాలీ కట్టుకుని, సాయంత్రానికి అదే పువ్వు మొయినాబాద్ రోడ్డుమీద తట్టలో కూర్చుంటుంది. ఫారిన్ వెళ్లొచ్చిన అల్లుడిలా దాని తీరే వేరు. బేరమాడితే మొహం తిప్పుకుంటుంది. మా తోరణంలో అచ్చంగా ఊరివి మామిడాకులే; అవీ పక్కింటి చెట్టువి.

ఇక లైట్లు. పాత సీరియల్ సెట్లలో ఒక్క బల్బు పోతే తీగంతా చీకటి. దొంగబల్బును పట్టుకోవడానికి స్టూలెక్కి ఒక్కోదాన్నీ నలిపి చూడాల్సిందే. ఇప్పుడన్నీ ఎల్ఈడీలు. నీలి ఎల్ఈడీని సాధించిన ముగ్గురికి 2014లో నోబెల్ ఇచ్చారు. ఆ కమిటీవాళ్లు దీపావళి రాత్రి మా వాడకట్టు చూసుంటే కాసేపు ఆలోచించేవారు. ఏ ఇంటిని చూసినా నీలం కన్నుగీటుడే, నిద్రపోదామంటే పరదాలోంచి కూడా.

రాత్రి డాలస్ నుంచి మావాడు వీడియోకాల్‌లో వాళ్ల గుమ్మం చూపించాడు. నిండు బంతిదండలు!

"ఎక్కడియిరా? ఇంత తాజాగున్నయి!" అంది మా ఆవిడ.

"ప్లాస్టిక్‌వి అమ్మా. మూడేండ్ల సంది ఇవే. ఎవరన్న వస్తుంటే బేగంబజార్ల ఇంకో నాలుగు కొని పంపు."

"అసలువే పంపిస్తంరా!" అన్నాను.

"వద్దు బాపూ, ఎయిర్‌పోర్టుల పరేషాన్ చేస్తరు."

మెక్సికోను ఆనుకునే ఉన్న టెక్సాస్‌కు ప్లాస్టిక్ బంతి, బేగంబజార్ నుంచి! నేను ఆ లెక్క తేల్చుకునేలోపే మా ఆవిడ సామాన్ల చీటీ రాసేసింది. ప్లాస్టిక్ దండలు నాలుగు. దాని కింద, నాకు కనబడకూడదన్నంత చిన్నగా: మనకు రెండు.