వాల్వుల సారు

వాల్వుల సారుకి పాటలంటే ప్రాణమని చుట్టాల నమ్మకం. ఘంటసాల భగవద్గీత ఎల్పీ పెట్టి, కళ్లు మూసుకుని కూర్చుంటారు. అర్జునుడు గాండీవం జారవిడిచేలోపే లేచి, ఆంప్లిఫయరు ఆపి, కాలుతున్న వాల్వుని రుమాలుతో పీకి, ఇంకోటి గుచ్చి, అది వేడెక్కాక మళ్లీ మొదటినుంచి పెడతారు. "ఇప్పుడు చూడు, గొంతులో తడి తెలుస్తోందా?" అని భార్యని అడుగుతారు. తెలుస్తోందనే అంటుందావిడ. లేదంటే ఇంకో వాల్వు కొంటారు మరి. ఆ ఇంట్లో కృష్ణుడికి నోరు విప్పే వంతు ఇంకా రాలేదు.

వాల్వు చేతికిస్తే ముందు తలకిందులు చేస్తారు. పిన్నుల మధ్య గాజులో డైమండు గుర్తుంటే టెలిఫుంకెన్. అడుగున చెక్కిన కోడు 'బి'తో మొదలైతే ముల్లార్డు వాళ్ల బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీ సరుకు. పెళ్లి సంబంధాలకి కూడా ఇంత గోత్రం చూడరు. జీజెడ్34 అని ఒకటుంది. ఏసీ కరెంటుని డీసీ చేయడమే దాని పని, పాట దానిలోంచి పోనే పోదు. ముల్లార్డుదైతే అందులోనూ ఆయనకి బేస్ వినిపిస్తుంది.

ఈ చెవుల దెబ్బ తగిలింది కోఠీలో పాత రేడియోలు బాగుచేసే మెకానిక్‌కి. జుమేరాత్ బజారుకి అతను వెళ్లేసరికే ఎవరో ఒక సారు రేడియో వెనక అట్ట ఊడదీసి, స్పీకరుని పలికించే ఈఎల్84 వాల్వుని జేబులో వేసుకుని, టేకు పెట్టెని అక్కడే వదిలేసి పోయుంటారు. బెంగళూరు బీఈఎల్ వాళ్లదైనా వదలరు. స్టేషన్ పట్టే ఈసీహెచ్81కి ఆంప్లిఫయర్లో పనిలేదు కాబట్టి అవి మాత్రం డబ్బాలకొద్దీ మిగిలాయి. అతని రేడియోలు విజయవాడని పట్టుకుంటాయి, పైకి మాత్రం చెప్పలేవు.

మొన్న సారు స్వయంగా వాళ్ల తాతగారి మర్ఫీ రేడియో మోసుకొచ్చారు, హాల్లో పెట్టుకుందామని.

"కండెన్సర్లు మార్చిన సార్, అంతా మంచిగుంది. ఈఎల్84 సాకెట్టే ఖాళీ. ఎవరో పీకిండ్రు."

సారు ఫ్యాను వంక చూశారు.

"మీ బీరువాల ఉంటది, చూడుండ్రి సార్."

"ఉందయ్యా. కానీ దానికిప్పుడు జోడీ కుదిరింది. మ్యాచ్‌డ్ పెయిరు! విడదీస్తే పాపం కాదూ?"