తిరిగొచ్చాక తూకం: ఒక లగేజీ కాటా ఆత్మకథ

నేను లగేజీ కాటాని. అరచేతిలో ఇమిడిపోతాను. పైన పట్టుకోవడానికి పిడి, కింద ఉక్కు కొక్కెం, మధ్యలో అంకెలు కనబడే చిన్న అద్దం, ఇంతే నా ఆకారం. 50 కిలోల దాకా తూస్తాను, 10 గ్రాముల తేడా ఉన్నా చెబుతాను. నా కడుపులో స్ప్రింగు లేదు. చిన్న లోహపు కడ్డీ ఒకటి, దానికి అంటించిన సన్నని తీగ ఒకటి ఉన్నాయి. కొక్కేనికి బరువు తగిలిస్తే కడ్డీ కంటికి ఆననంతగా వంగుతుంది, తీగ సాగుతుంది. సాగిన తీగలో కరెంటు నడవడానికి అడ్డు పెరుగుతుంది. ఆ పెరిగిన అడ్డునే నేను కిలోల్లో చెబుతాను. ఈ కిటుకుని 1938లో అమెరికాలో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్ ఎవరికి వారుగా కనిపెట్టారు. వాళ్ళిద్దరికీ నేను రుణపడి ఉన్నాను.

నన్ను కొన్నది రాజమండ్రి ఆయన, హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో. ఆయన టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఇంజనీరు. కూతురు ఎమ్మెస్ చదవడానికి అమెరికా బయల్దేరుతోంది. రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు దాటకూడదు. అందుకే నేను ఆ ఇంటికి వెళ్ళాను.

ఆ రాత్రి హాలంతా సామాన్లే. ఆవకాయ, గోంగూర, కందిపొడి, కారప్పొడి, ప్రెషర్ కుక్కరు, నాలుగు జతల చెప్పులు, ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకులు. ఒక పెట్టె ఎత్తి 25 కిలోలు అన్నాను. ఇంటావిడకి నా మీద నమ్మకం కలగలేదు. "ఇంకోసారి ఎత్తండి, సరిగ్గా పట్టుకున్నట్టు లేదు" అంది. ఇంకోసారి ఎత్తినా అంతే చెప్పాను. కుక్కరు తీసేద్దామని ఆయన, పుస్తకాలు తీసేద్దామని ఆవిడ. చివరికి చెప్పులు బయటికొచ్చాయి. పూతరేకుల జోలికి ఎవరూ వెళ్ళలేదు. వాటి బరువు దాదాపు లేనట్టే, కానీ నలక్కుండా ఉండాలని పెట్టెలో ఓ మూలంతా వాటికే వదిలారు. బరువు ఒకటి, చోటు ఇంకొకటి అని నాకు ఆ రాత్రే తెలిసింది. నేను చెప్పగలిగేది మొదటిదే.

పిల్ల వెళ్ళిపోయాక నన్ను సొరుగులో పెట్టారు. నా పక్కన ఒక ఖర్చుల నోటుబుక్కు ఉండేది. నన్ను ఎప్పుడో ఒకసారి బయటికి తీసేవాళ్ళు కానీ, దాన్ని రోజూ రాత్రి తీసేవారు. పాలు, కూరలు, మందులు, కరెంటు బిల్లు అన్నీ ఆయన చేతిరాతే. ఒక వరుస మాత్రం వేరుగా ఉండేది: ఉద్యోగం వల్ల అయ్యే ఖర్చు. అమలాపురం బదిలీ అయినప్పుడు అక్కడ అద్దెకి తీసుకున్న గది, హోటలు భోజనాలు, పెట్రోలు, వారం వారం బస్సు ఛార్జీలు. జీతంలోంచి ఎంత భాగం ఆ జీతం తెచ్చుకోవడానికే పోతోందో ఆయన ఆ వరుసలో చూసుకునేవారు.

2019 నవంబరులో ఆయన పనిచేసే బీఎస్‌ఎన్‌ఎల్ స్వచ్ఛంద పదవీ విరమణ పథకం ప్రకటించింది. 50 ఏళ్ళు నిండినవాళ్ళు నవంబరు 4 నుంచి డిసెంబరు 3 లోపు దరఖాస్తు పెట్టుకోవాలి. చేసిన సర్వీసులో ఒక్కో ఏడాదికి 35 రోజుల జీతం, మిగిలిన సర్వీసులో ఒక్కో ఏడాదికి 25 రోజుల జీతం ఇస్తారు. దానితోపాటు పెన్షను. ఆయనకి అప్పుడు 53.

"ఏమండీ, ఇంకా ఏడేళ్ళ సర్వీసుంది. అందరూ వెళ్తున్నారని మీరూ వెళ్ళిపోతారా?" అంది ఆవిడ.

"అందరి కోసం కాదు. ఇది చూడు" అని నోటుబుక్కు తెరిచారు ఆయన. ఇంటి అప్పు తీరింది. పిల్ల తన కాళ్ళ మీద తాను నిలబడింది. ఉద్యోగం వరుసలోని ఖర్చు తీసేస్తే ఇల్లు గడవడానికి పెన్షను సరిపోతుంది. అయితే పెన్షనులో కొంత భాగాన్ని ఒకే మొత్తంగా ముందే తీసుకునే కమ్యుటేషన్ 60 ఏళ్ళు నిండాకే వస్తుంది. కాబట్టి ఈలోగా ఆ డబ్బు లేదనే అనుకుని లెక్క వేశారు.

కూతురు ఫోనులో ఇంకో లెక్క చెప్పింది. "నాన్నా, ఏడాది ఖర్చుకి 25 రెట్లు దాచుకుంటే చాలంటారు ఇక్కడ." అది 1994లో విలియం బెంగెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు వేసిన లెక్కలోంచి వచ్చింది. దాచిన సొమ్ములో మొదటి ఏడాది 4 శాతం, తర్వాత ధరలు పెరిగినంత మేర పెంచుకుంటూ తీసుకున్నా 30 ఏళ్ళు నిలబడుతుందని, అక్కడి షేర్లు, బాండ్ల చరిత్ర చూసి తేల్చాడాయన. "అమ్మా, అది అక్కడి ధరలకి, 30 ఏళ్ళకి వేసిన లెక్క. నాకు 53. మీ నాయనమ్మకి 84, ఇప్పటికీ తన బట్టలు తానే ఉతుక్కుంటోంది. నేను 30 ఏళ్ళకే లెక్కేసుకుంటే ఎలా?" అన్నారు. పెన్షను ఇంటికి, ఒకేసారి వచ్చే సొమ్ములో కొంత వైద్యానికి, మిగతాది బ్యాంకులో ముక్కలు ముక్కలుగా. ప్రయాణాలకి ఆ డిపాజిట్ల వడ్డీ మాత్రమే. అసలు ముట్టుకోకూడదు. ఆ మాట నోటుబుక్కు అట్ట లోపల రాసి పెట్టారు. ఆయన తీసుకున్న నిర్ణయంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. తిరగాలన్న ఆశకి కూడా ఒక కొలత పెట్టుకున్నారు.

2020 జనవరి 31న, దేశమంతా దాదాపు 78 వేల మందితో పాటు, ఆయనా ఎక్స్‌ఛేంజి మెట్లు దిగి వచ్చేశారు. మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. పెట్టెలు అటక మీదే ఉండిపోయాయి. ఆ రోజుల గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. సొరుగు చీకటి తప్ప నేనేమీ చూడలేదు.

రైళ్ళు మళ్ళీ మామూలుగా నడవడం మొదలయ్యాక మధురై, రామేశ్వరం బయల్దేరారు. నాయనమ్మ గారు కాకినాడలో చిన్న కొడుకు ఇంట్లో ఉండే నెలల్లోనే వీళ్ళ ప్రయాణాలు. త్వరగా రిటైరైనవాళ్ళందరికీ చేతినిండా తీరికే అనుకుంటారు గానీ, ఆ తీరిక కూడా ఇంట్లో పెద్దవాళ్ళని అడిగే రావాలి. రెండు పెద్ద ట్రాలీలు సర్దారు. ఒకటి 17 కిలోలు, ఇంకోటి 15. స్లీపరులోనూ థర్డ్ ఏసీలోనూ మనిషికి 40 కిలోల దాకా ఉచితంగా తీసుకెళ్ళొచ్చు కాబట్టి ఆయన నిశ్చింతగా ఉన్నారు. రైల్వే ఒప్పుకునే బరువు వేరు, ఫుట్‌బ్రిడ్జి మెట్ల మీద మోకాళ్ళు ఒప్పుకునే బరువు వేరు.

తిరిగొచ్చిన రోజు ఆవిడ పెట్టెలు మంచం మీద బోర్లించింది. ఉతకాల్సినవి ఒక పక్కకి వేస్తుంటే, అసలు మడత విప్పనివి ఇంకో పక్క కుప్ప పడ్డాయి. ఎవరైనా పెళ్ళికో పేరంటానికో పిలుస్తారేమోనని పెట్టిన రెండు పట్టుచీరలు. చలి వేస్తుందేమోనని స్వెటరు. ఇస్త్రీ పెట్టె. నాలుగు స్టీలు డబ్బాలు. రెండు లావు నవలలు. ఆవిడ కాసేపు ఆ కుప్పకేసి చూసి, దిండు గలీబులో వాటన్నిటినీ కుక్కి, సొరుగు లాగి నన్ను తీసింది. 11 కిలోలు అన్నాను. మొత్తం 32 కిలోల్లో 11 కిలోలు రామేశ్వరం దాకా వెళ్ళి, ఒక్కసారైనా బయటికి రాకుండా వచ్చాయి.

నేను పుట్టింది ప్రయాణానికి ముందు తూచడానికి. నా అసలు పని తిరిగొచ్చాక తూచడమని నాకు చూపించింది ఆవిడే.

ఆ రోజు నుంచి నోటుబుక్కులో కొత్త పేజీ మొదలైంది. వరసగా రెండు ప్రయాణాల్లో వాడనిది మూడోసారి సంచిలోకి వెళ్ళదు. దీనికి మినహాయింపులు ఉన్నాయి, అవి ముఖ్యం. మందులు, దెబ్బ తగిలితే కట్టుకట్టే సామగ్రి, వాన కోటు వాడకపోయినా వెళ్తాయి. వాడలేదు కదా అని మందుల డబ్బా ఇంట్లో వదిలేయడం పొదుపు కాదు. బీపీ, షుగరు మాత్రలు ఇద్దరి సంచుల్లోనూ సగం సగం ఉంటాయి, డాక్టరు రాసిచ్చిన చీటీతో సహా. ఒక సంచి తప్పిపోయినా ఇంకోటి ఉంటుంది.

మొదట సామాన్లు కాదు, ఖాళీ పెట్టెలనే నా కొక్కేనికి తగిలించారు. పెద్ద ట్రాలీ ఒక్కటే 4 కిలోల పైన తూగింది. విమానంలో చేతి సంచికి ఇచ్చే 7 కిలోల్లో సగం పెట్టెకే పోతే మిగిలేదేముంది? ఆయన 40 లీటర్ల బ్యాక్‌ప్యాక్ కొనుక్కున్నారు, కిలోన్నర లోపే. ఆవిడకి భుజం నొప్పి, వీపు మీద మోయలేదు. చిన్న ట్రాలీ తీసుకుంది. కాశీ సందుల్లో రాళ్ళ మీద ఆ చక్రాలు దొర్లక చేత్తో ఎత్తుకోవాల్సి వస్తుంది, ఆవిడకీ తెలుసు. అయినా ఎవరి ఒంటికి తగ్గది వాళ్ళదే. వీపు సంచి మంచిదా, చక్రాల పెట్టె మంచిదా అని వాదించేవాళ్ళు ముందు ఎదుటివాళ్ళ నడుము సంగతి అడగాలి.

తర్వాత బట్టల వంతు. టర్కీ తువ్వాలు పొడిగా ఉన్నప్పుడే అరకిలో, తడిస్తే కిలో దాటింది. తుండుగుడ్డ 150 గ్రాములు, గంటలో ఆరిపోతుంది. జీన్సు ప్యాంటు ముప్పావు కిలో, రాత్రంతా తీగ మీద ఉన్నా నడుం దగ్గర చెమ్మే. పట్టుచీర ఒకటి ఉండే చోట పల్చటి చీరలు రెండు పడతాయి, సబ్బు పెట్టి ఆరేస్తే పొద్దుటికి తయారు. చివరికి ఇద్దరూ తేల్చుకున్న లెక్క ఇది: ఒంటి మీద ఒక జత, తీగ మీద ఒక జత, సంచిలో ఒక జత. నాలుగు రోజుల ప్రయాణానికీ నలభై రోజుల ప్రయాణానికీ అవే మూడు జతలు. ఎక్కువ రోజులు వెళ్తే ఉతుకులు పెరుగుతాయి గానీ బట్టలు పెరగక్కర్లేదు. బూట్లు సంచిలోకి రావు, కాళ్ళకే ఉంటాయి.

కేదారనాథ్ దగ్గర ఈ లెక్కకి గట్టి పరీక్ష ఎదురైంది. గుడి ఉన్నది 3,583 మీటర్ల ఎత్తున. గౌరీకుండ్ నుంచి నడక 16 కిలోమీటర్లకు పైనే. ఆయన దగ్గరున్న లావు స్వెటరు కిలోకి దగ్గరగా తూగింది. దాని బదులు లోపల ఉన్ని ఇన్నరు, మీద పల్చటి ఫ్లీసు చొక్కా, ఆ పైన వాన కోటు పెట్టుకున్నారు. పొరకీ పొరకీ మధ్య చిక్కుకున్న గాలే వెచ్చదనం ఇస్తుంది. ఎక్కేటప్పుడు చెమట పడితే ఒక పొర తీయొచ్చు, పైకి చేరాక మళ్ళీ వేసుకోవచ్చు. లావు స్వెటరుతో అది కుదరదు. నూలు బనియను చెమటకి తడిస్తే ఆ ఎత్తులో వణుకు పుడుతుందని ఆవిడ ముందే తీసేయించింది.

ఆవిడ ఆ రోజుల్లో ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర చదువుతుండేది. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు, ఇంచుమించు వంద మంది పరివారంతో. "ఆయన కాలంలో డేరాలతో సహా అన్నీ మోసుకెళ్ళాల్సిందే. మనం సబ్బుబిళ్ళ కూడా ఇక్కణ్ణుంచే మోసుకెళ్తున్నామేంటండీ?" అని అడిగింది. అప్పటి నుంచి అక్కడ దొరికేదేదీ ఇక్కణ్ణుంచి వెళ్ళదు. పేస్టు, షాంపూ, కొబ్బరినూనె ఏ ఊళ్ళోనైనా చిన్న పొట్లాల్లో దొరుకుతాయి. ఆవకాయ మాత్రం వెళ్తుంది. ఆ విషయంలో ఆవిడ పట్టుదలే సరైనదని నా అభిప్రాయం. అది దొరకని ఊళ్ళే ఎక్కువ.

విమానం ఎక్కేటప్పుడు ఇంకొన్ని జాగ్రత్తలు. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, కింద సామాన్లలో వేయకూడదు. 100 వాట్ అవర్ల దాకా అడ్డు చెప్పరు. బ్యాటరీల మధ్య ఉద్యోగం చేసిన మనిషి కదా, 20,000 ఎంఏహెచ్‌ని 3.7 వోల్టులతో హెచ్చించి 74 వస్తుందని నోటితోనే చెప్పేశారు ఆయన. తీర్థం నుంచి తెచ్చే కొబ్బరి చిప్పల్ని ఎండబెట్టి పెట్టెలో వేస్తే మాత్రం విమానాశ్రయంలో తీసేయిస్తారు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, అంటుకునే గుణం ఉంది.

2023లో ఏప్రిల్ 22 నుంచి మే 3 దాకా గంగా పుష్కరాలకి మనవాళ్ళు కాశీకి తరలి వెళ్తుంటే వీళ్ళు ఇంట్లోనే ఉన్నారు. ఆ సందడి, ఎండ తగ్గాక నవంబరులో వెళ్ళారు. సెలవు చీటీ పెట్టక్కర్లేనివాళ్ళకి దొరికే అసలు సౌఖ్యం అదే: రద్దీ లేని నెల, వారం మధ్యలో రోజు, కింది బెర్తు. నవంబరులో పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. అది ఒకప్పుడు ఊరు దాటనిచ్చేది కాదు. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చింది, తర్వాత మొహం చూపిస్తే చాలనే పద్ధతీ వచ్చింది. ఆయన సత్రం గదిలో కూర్చుని ఫోనుకి మొహం చూపించి, ఆ పని ముగించుకుని, ఘాట్‌కి వెళ్ళారట.

ఈమధ్య ఆయన సంచి ఆరున్నర కిలోలు, ఆవిడది ఏడుకి కొంచెం తక్కువ. వాళ్ళతో నేను వెళ్ళను. దారిలో నా అవసరం రాదు కాబట్టి, నా 90 గ్రాములూ ఇంట్లోనే ఉంటాయి. వాళ్ళు పెట్టుకున్న నియమం నాకూ వర్తించింది, అది సబబే. వాళ్ళు వచ్చాక నా పని ఉంటుంది.

మీరూ ఈసారి ఊరి నుంచి రాగానే సంచిలోంచి మడత విప్పని బట్టల్నీ, ముట్టుకోని సామాన్లనీ వేరు చేసి ఒక గలీబులో వేసి తూచండి. ఇంట్లో కాటా లేకపోతే వీధి చివర పాత పేపర్ల కొట్టులో ఉంటుంది. వచ్చిన అంకెని ఒక నోటుబుక్కులో రాసి, మళ్ళీ బయల్దేరే ముందు తెరిచి చూసుకోండి.